అప్ప కత్తిపీటకి నేను పట్టిన సాన

ఇనుముకి పదును పెట్టడమే ఉద్యోగంగా ముప్పై రెండేళ్ళు బతికినవాణ్ణి. అలాంటి నేను మా అప్ప కత్తిని మూడు నెలల్లో పాడుచేశాను. ఎందుకు పాడవుతోందో తెలియక ఆ మూడు నెలలూ దాన్నే మళ్ళీ మళ్ళీ పాడుచేస్తూ పోయాను. తెలిశాక కూడా, పాడైంది కత్తి ఒక్కటే అని అనలేను. ఈ సంగతి ఇంట్లో ఎత్తితే నాకు కోపం వస్తుంది. కోపం ఎవరి మీదో నాకే తెలియదు కాబట్టి టీవీ సౌండు పెంచి కూర్చుంటాను.

అప్ప అంటే మా అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది, డెబ్భైకి దగ్గర పడింది. ఉండేది జాలారిపేటలో. మాది చేపల వేటకి వెళ్ళే కుటుంబం. నేనొక్కణ్ణే ఐటీఐ చదివి, సముద్రం వదిలేసి ఉక్కు ప్లాంటులో పడ్డాను. పడవ ఎక్కితే వాంతులు చేసుకునేవాడికి ఇంకో దారి లేదని అప్ప ఇప్పటికీ అందరికీ చెబుతుంది. తను మాత్రం నలభై ఏళ్ళుగా మార్కెట్లో చేపలు కోస్తోంది. అక్కడ అమ్మేవాళ్ళు వేరు, కోసేవాళ్ళు వేరు. చేప కొనుక్కున్నవాళ్ళు సంచీ పట్టుకుని కోసేవాళ్ళ దగ్గరికి వస్తారు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎనిమిది కత్తిపీటలు వేసుకుని వరుసగా కూర్చుని ఉంటారు. గుమ్మంలోంచి రాగానే రెండో చోటు మా అప్పది.

ఆ చోట్లకి కాగితాలు లేవు. అంతా నోటి మాటే. పీట వేసుకుని కూర్చున్నన్నాళ్ళూ చోటు ఆ మనిషిది. ‘ఇంక నేను కూర్చోను’ అని వరుసలో అందరూ వినేలా ఒకసారి అని, పీట ఎత్తి, బకెట్టుడు నీళ్ళు పోసి ఆ చోటు కడిగేస్తే అంతే సంగతులు. మర్నాడు మనసు మారి వచ్చినా ఎవరూ జరగరు. బావ చనిపోయాక అప్పకి తిండి పెట్టింది ఆ చోటు. పిల్లలు స్థిరపడ్డాక తిండికి లోటు లేకపోయినా తెల్లారేసరికి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. తనని పేరు పెట్టి పలకరించేవాళ్ళు అక్కడికే వస్తారు. నా మూలాన పోబోయింది ఆ చోటు.

అప్ప కత్తికి తనే పదును పెట్టుకునేది. కత్తిపీట కత్తి చెక్కకి నిలువుగా బిగించి ఉంటుంది కదా, దాన్ని విప్పదు. చెక్క మీద ఓ కాలు వేసి కూర్చుని, అరచేతిలో ఇమిడే సానరాయి ముక్కని నీళ్ళలో ముంచి, అంచు మీద కింది నుంచి పైకి లాగుతుంది. మళ్ళీ ముంచుతుంది. మళ్ళీ లాగుతుంది. రోజూ పొద్దున్నే పావుగంట ఇదే పని. ప్లాంటు నుంచి ఎప్పుడైనా నైట్ షిఫ్టు దిగి వాళ్ళింటికి వెళితే నాకు చిరాకేసేది. అంత సేపు గీకితే గానీ రాని పదును కోత పనిముట్లకి సాన పట్టే మా టూల్ రూంలో అర నిమిషంలో వస్తుంది. అదే మాట అనేవాణ్ణి కూడా. “నీ అర నిమిషం నీకాడే ఉంచుకో” అనేది అప్ప.

రిటైరయ్యాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. కూర్మన్నపాలెంలో ఇల్లు, వరండా, రోజంతా మా ఆవిడ మొహం, ఆవిడకి నా మొహం. ఫోన్లో చూసి ఒక బెంచ్ గ్రైండర్, కరెంటు మీద తిరిగే సాన చక్రం, తెప్పించుకుని వరండాలో బిగించాను. మా ఆవిడ కూరల కత్తి, ఎదురింటి కత్తెర, పైవాటా వాళ్ళ కొడవలి, ఏది దొరికితే అది పట్టేశాను. వీల్ తిరుగుతుంటే వచ్చే ఆ రొద వింటే నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టుండేది. “ఈ ఈదిలో ఇంక మొద్దు కత్తి లేదు, మొద్దు మనిసే మిగిలేడు” అని మా ఆవిడ పైవాటా ఆవిడతో అనడం నా చెవిన పడింది. వినలేదన్నట్టు గ్రైండర్ మళ్ళీ ఆన్ చేశాను.

అప్పుడే అప్పకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. కోయడానికి ఇబ్బంది లేదట, రాయి పట్టుకుని పైకి లాగేటప్పుడే నొప్పి. నాకు సందు దొరికింది.

“ఇలా ఇవ్వు, నేను పట్టి తెస్తాను” అన్నాను.

“నీ మిసనా? వద్దులే. నాను నీళ్ళు పెట్టి నూరుకుంతాను, దానికి అదే అలవాటు.”

“కత్తికి అలవాటేంటప్పా? ఇనుము.”

“ఏమోరా. నలబై ఏళ్ళ నించీ అలాగే సేత్తన్నాను.”

భుజం నొప్పి గెలిచింది. బోల్టులు తనే ఊడదీసి, కత్తిని గుడ్డలో చుట్టి నేల మీద పెట్టింది. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదంటుంది. నేను తీసుకుని బస్సెక్కాను.

ఆ సాయంత్రం నేను పెట్టిన పదును చూసి నాకే ముచ్చటేసింది. రవ్వలు చిమ్మాయి, అంచు ఒక్క గీతలా వచ్చింది. పేపరు ముక్కని గాల్లో పట్టుకుని లాగితే తెగి కింద పడింది. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగి మా ఆవిడకి చూపించాను. మర్నాడు మార్కెట్ నుంచి అప్ప ఫోన్ చేసింది. “ఒరే, ఎన్నపూసలా దిగిపోతన్నాదిరా. ఇక్కడందరికీ సెప్పేను, మా తమ్ముడు పట్టేడని.” నేను రెండు రోజులు నేల మీద నడవలేదు.

వారం తిరక్కుండానే కత్తి వెనక్కి వచ్చింది. మొద్దుబారింది. సరే, చేపలు ఎక్కువ కోసిందేమో అనుకుని మళ్ళీ పట్టాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. తరవాత రెండు రోజులకి. చివరికి ఎలా తయారైందంటే, సాయంత్రం నేను పట్టి ఇస్తే మర్నాడు పొద్దున్న మొదటి నాలుగు చేపలకే సరి. తొమ్మిది గంటలయ్యేసరికి తోక కోయడానికి కూడా రాదు. అప్ప మనవడి బండి మీద కత్తి పంపేది, తెప్పించుకునేది. నేను అడిగితే “సేపలు పెద్దవి వస్తన్నాయిరా” అనేది.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. నా చేతిలో ఉన్నప్పుడు అది పేపరు కోస్తుంది, వెంట్రుక కోస్తుంది. అక్కడికి వెళ్ళగానే చేప కోయనంటుంది. వీల్ మార్చాను, ఇంకా నున్నటిది వేశాను. కోణం మార్చాను. అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టాను. ఎంత బాగా పడితే అంత తొందరగా పోతోంది. ప్లాంటులో నాకన్నా సీనియరైన ఒకాయనకి ఫోన్ చేసి అడిగాను. ఆయన “ఆపరేటర్ని చూడు” అన్నాడు.

టూల్ రూంలో మాకు అదొక అలవాటు. బిట్టు, అంటే లేత్‌లో ఇనుము కోసే పనిముట్టు, మొద్దుబారి వెనక్కి వస్తే ముందు లేత్ మీద ఉన్నవాణ్ణి అడుగుతాం, ఎలా వాడావని. ఎక్కువ లోతు పెట్టావా, స్పీడ్ పెంచావా, పక్కకి నొక్కావా అని. సాన పట్టినవాణ్ణి ఎవరూ అడగరు. ముప్పై రెండేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం ఉదయం మార్కెట్‌కి వెళ్ళి అప్ప పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అప్ప చేతులకి బూడిద రాసుకుని కోనాం చేపని రెండు చేతులా పట్టుకుని కత్తికి ఆనించింది. చిన్నప్పటి నుంచి చూసిన పని. ఒక్క తోపుకి ముక్క పడాలి. పడలేదు. వెనక్కి లాగి మళ్ళీ తోసింది. అటూ ఇటూ కదిపింది. ముక్క తెగలేదు, నలిగి ఊడింది. ఏళ్ళ తరబడి అప్ప దగ్గరే కోయించుకునే ఒక టీచరమ్మ ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూసి, సంచీలో వేసుకుంది. రెండో సంచీ మాత్రం మూడో చోటు ఆవిడ ముందు పెట్టింది.

ఆ మూడో చోటు ఆవిడ అప్పకి పాతికేళ్ళుగా పక్క మనిషి. నేను టీకి లేస్తే వెనకాలే వచ్చింది.

“అప్పకి సెయ్యి తగ్గిపోనాది తమ్ముడా. వయసు మరి. అందరం సూత్తన్నాం, ఎవులం సెప్తాం? నువ్వు సొంత తమ్ముడివి, నువ్వు సెప్పు.”

ఆవిడ మాట నిజమే అనిపించింది. కత్తి నిన్న సాయంత్రం నేనే పట్టాను. చేప అదే, పీట అదే. ఇక మిగిలింది చెయ్యి. ఎలా తిప్పి చూసినా లెక్క అక్కడికే తేలుతోంది. ఆ మధ్యాహ్నం జాలారిపేటలో అన్నం తింటూ చెప్పేశాను.

“అప్పా, కత్తిలో లోపం లేదు. నీ చేతిలో పట్టు పోయింది. నిటారుగా తొయ్యడం లేదు, పక్కకి నొక్కుతున్నావు. అందుకే అంచు పోతోంది.”

అప్ప కలుపుతున్న ముద్ద ఆపింది.

“నాకు తెలవడం లేదే.”

“నీకు తెలియదు. చూసేవాళ్ళకి తెలుస్తుంది.”

అన్నం చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “మొన్నటిదాకా బాగానే ఉన్నాది గదరా” అంది. తరవాత, “అయితే పీట ఒదిలీమంటావా?” అంది. నేను ఒద్దు అని ఉండాల్సింది. పోనీ చూద్దాంలే అనైనా ఉండాల్సింది. డెబ్భై ఏళ్ళకి ఇంకా ఎందుకు ఈ చాకిరీ అని పెద్ద మనిషిలా అన్నాను. అప్పటికి అది నాకు మంచి మాటలాగే తోచింది.

మర్నాడే అప్ప మూడో చోటు ఆవిడకి చెప్పేసింది. వచ్చే ఆదివారం అందరి ముందూ చోటు వదిలేస్తుంది, ఆ చోట్లో ఆవిడ కోడలు కూర్చుంటుంది. కత్తిపీట కూడా ఆ పిల్లకే ఇచ్చేస్తానంది. ఆ వారమంతా మార్కెట్‌కి వెళ్ళనని చెప్పి, కత్తి నాకు పంపింది. “కొత్త పిల్ల కూకుంతాది, బాగా పట్టు” అని ఫోన్లో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

కత్తి వరండాలో బల్ల మీద ఉంది. రాగానే మళ్ళీ పట్టాను, పాలిష్ అప్పటికింకా మెరుస్తూనే ఉంది. మా ఆవిడ కంద దుంప పట్టుకొచ్చి, తన కత్తి దిగడం లేదని దీన్ని తీసుకుంది. మొన ఒక చేత్తో, బోల్టుల వైపు గుడ్డ చుట్టి ఇంకో చేత్తో పట్టుకుని నొక్కింది. నొక్కి నొక్కి దుంపలో సగానికి దించి ఆగిపోయింది.

“ఇది కోత్తన్నాదేటండి? నలుపుతన్నాది.”

“నీకు పట్టుకోవడం రాక” అన్నాను పేపర్లోంచి తలెత్తకుండా.

“అవును మరి. వదిన సెయ్యి పోనాది. ఇప్పుడు నా సెయ్యీ పోనాది. ఈ కత్తి ముట్టుకున్న ఆడదానికల్లా సెయ్యి పోతన్నాది. మీ ఒక్కరికే ఉన్నాది, మీరు కొయ్యండి.”

కోపంగానే లేచి కోశాను. దిగలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని అంచు చూశాను. విరగలేదు, అరగలేదు, తగరపు రేకులా ఒక పక్కకి మడత పడి ఉంది. కంద దుంపకే మడత పడింది. ఇనుము అరగదీసే ఆకురాయి తెచ్చి అంచు మీద ఒక్కసారి రుద్దాను. బిగువున్న ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇది కొరుక్కుంటూ దిగిపోయింది. అంచు పొడుగునా అంతే. మడమ దగ్గర, చెక్కకి బిగించే చివర, నేనెప్పుడూ వీల్‌కి ఆనించని చోట మాత్రం జారిపోయింది.

అంటే పాడుచేసింది నేనే. అది అర్థమైంది, ఎలా పాడుచేశానో మాత్రం అర్థం కాలేదు. ముప్పై రెండేళ్ళలో వేల బిట్లు పట్టాను, ఒక్కటీ ఇలా కాలేదు. అదే చెయ్యి, అదే పద్ధతి. మర్నాడు పొద్దున్నే కత్తిని పేపర్లో చుట్టుకుని సబ్బవరం బస్సెక్కాను. కత్తి చేసింది అక్కడి కమ్మరి. తండ్రి పోయాక ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు, అతనికీ యాభై దాటాయి.

అతను కత్తిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు మీటాడు.

“ఏటి పెట్టి పట్టేవు బావా?”

“మిషను.”

“నీళ్ళు?”

“నీళ్ళెందుకు?”

అతను నా మొహం చూశాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు.

“ఇది లారీ కమాను పట్టీ బావా. మా నాన కాల్చి కొట్టింది. దీనికి ఏడి తగిలితే సచ్చిపోద్ది. పట్టినప్పుడు నీలంగా తిరగలేదేటి?”

తిరిగింది. నీలంగా తిరిగింది, నేను చూశాను కూడా. పాలిష్ పట్టి ఆ నీలం తుడిచేశాను. ప్లాంటులో నేను పట్టేది హై స్పీడ్ స్టీల్ బిట్లు. లేత్ మీద ఇనుమునే కోయాలి కాబట్టి, ఎర్రగా కాలినా బిగువు పోకుండా చేస్తారు వాటిని. వేడి మీద నీళ్ళలో ముంచితేనే వాటికి సన్నటి పగుళ్ళు వస్తాయి. ఎవరైనా కొత్తగా వచ్చి నీళ్ళ డబ్బా వైపు చెయ్యి చాపితే నేను కేకలేసేవాణ్ణి. నీలం రంగు నాకు రోజూ కనబడేది, దాన్ని చూసి ఎన్నడూ కంగారు పడలేదు. అక్కడ ఏది చేయకూడదని ముప్పై రెండేళ్ళు తిట్టానో, ఇక్కడ అదే చేయాలట. అప్పకి ఆ సంగతి తెలుసు, కారణం తెలియదు. నాకు కారణాలన్నీ తెలుసు.

“అయితే మిషనుదే తప్పంటావు” అన్నాను. అలా అంటాడనే ఆశ.

“మిసనుకేటి తెలుసు బావా? సిటికెలో ఆనించి తీసీసి, నీళ్ళలో ముంచీసి, ముట్టుకుంటే సల్లగా ఉండేలా సేసుకుంటే మిసనైనా ఒకటే, రాయైనా ఒకటే.”

అంచు ఒక్కటే చచ్చిందని, బియ్యపు గింజంత వెడల్పున అరగదీస్తే లోపల బతికున్న ఉక్కు తగులుతుందని చెప్పాడు. మళ్ళీ కాల్చడం మాత్రం ఒద్దన్నాడు, పాత కత్తి కదా, పగిలిపోవచ్చు. బస్సులో కూర్చుని కూడా తప్పెవరిదో నాకు తేలలేదు. మిషనుది కాదు, కత్తిది కాదు, అప్ప చేతిది కాదు. నా చేతిది అనుకుందామంటే అది ముప్పై రెండేళ్ళు సరిగ్గా చేసిన పనే చేసింది.

అప్పకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాలి. ఫోన్ తీశాను, పెట్టేశాను. కత్తి బాగయ్యాక దాన్ని తన ముందు పెట్టి చెబుదాం, లేకపోతే నమ్మదు అనుకున్నాను. అసలు సంగతి సిగ్గు.

బకెట్టు నీళ్ళు పక్కన పెట్టుకుని గ్రైండర్ ఆన్ చేశాను. మొదటి రవ్వ ఎగరగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. రెండోసారీ అంతే. ఆపేసి, బజారుకి వెళ్ళి సానరాయి కొనుక్కొచ్చాను. మంగళవారం సాయంత్రం నుంచి శుక్రవారం దాకా వరండాలో కూర్చుని రాయి మీద రుద్దాను. వీల్ ముందు అయితే కత్తిని ఆనించడానికి ఇనుప దిమ్మ ఉంటుంది, కోణం అది చూసుకుంటుంది. రాయి దగ్గర కోణం మణికట్టు చూసుకోవాలి. నా మణికట్టుకి ఆ సంగతి తెలియదు. అంచు వంకరలు పోయింది. బొటనవేలు తెగింది. రెండో రోజుకి భుజం పట్టేసింది, సరిగ్గా అప్పకి పట్టేసిన చోట. మా ఆవిడ టీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయేది.

శుక్రవారం సాయంత్రం ఆకురాయి పెట్టి రుద్దితే జారిపోయింది. నాలుగు చోట్ల చూశాను, నాలుగు చోట్లా జారింది. బతికున్న ఉక్కు తగిలింది.

శనివారం సాయంత్రం జాలారిపేట వెళ్ళాను. అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. కుడి చేతికి గుడ్డ చుట్టుకుని, ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటోంది. భుజానికి కాదు, అరచేతికి, వేళ్ళకి.

“చేతికేమైందప్పా?”

“ఏటీ కాలేదు. పట్టు పోనాదన్నావు గదా. కాపడం పెడితే ఒస్తాదేమో అనీసి.”

వారం నుంచి పెడుతోందట. నీళ్ళ బిందె కూడా ఎత్తడం మానేసి పక్కింటి వాళ్ళ చేత పట్టించుకుంటోందట. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. కత్తి నేల మీద పెట్టి మొత్తం చెప్పాను. కంద దుంప, ఆకురాయి, సబ్బవరం, నీళ్ళు, అన్నీ. నీ చెయ్యి బాగానే ఉందప్పా, పోయింది కత్తి, అదీ నా వల్ల అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మరి పక్కకి నొక్కుతన్నావన్నావు?”

“తప్పు చెప్పాను.”

“సూసేను అన్నావు గదరా, పక్కన కూకోని.”

“చూశాను. కత్తి దిగక నువ్వు కదుపుతుంటే అలా అనిపించింది.”

“ఒకపాలి సెయ్యంటావు, ఒకపాలి మిసనంటావు. నువ్వు సదూకున్నోడివి. నానేటి నమ్మాల?”

“నీ చేతిని నమ్ముకో” అన్నాను. అప్ప గుడ్డ విప్పి వేళ్ళు ముడిచింది, చాపింది. ఏమీ అర్థం కానట్టు నా వైపు చూసింది. కత్తిని నేనే చెక్కకి బిగించాను. పొద్దున్న మార్కెట్‌కి నేను కూడా వస్తానని చెప్పి, రాత్రికి అక్కడే ఉండిపోయాను.

ఆదివారం మార్కెట్ జనంతో కిటకిటలాడుతోంది. మూడో చోటు ఆవిడ, పక్కనే కొత్త ప్లాస్టిక్ బేసిన్ పట్టుకుని వాళ్ళ కోడలు. చోటు కడగడానికి బకెట్టులో నీళ్ళు కూడా తెచ్చి పెట్టుకున్నారు. అప్ప పీట వేసింది. అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు. నేను ముందుకెళ్ళి, పాడైంది కత్తే తప్ప చెయ్యి కాదని, పాడుచేసింది నేనేనని వరుస మొత్తానికి వినపడేలా చెప్పాను. ఎవరో నవ్వారు. మూడో చోటు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కోడలి చేతిలో బేసిన్ తీసుకుని వెనక పెట్టేసింది.

“కూకో అప్పా. నీ సోటు నీదే. ఎవులు లాక్కున్నారు?”

అప్ప కూర్చుంది. మొదటి బేరం ఆ టీచరమ్మదే. పెద్ద కోనాం. అప్ప చేతులకి బూడిద రాసుకుంది, చేపని రెండు చేతులా పట్టుకుంది, కత్తికి ఆనించింది. కత్తి ఎలా ఉందో నాకు తెలుసు. తోస్తే చాలు, దిగిపోతుంది.

తోయలేదు. చేతులు అలాగే ఉంచి, తల నా వైపు తిప్పింది. టీచరమ్మకి వినపడకుండా గొంతు తగ్గించింది.

“ఒరే, సరిగ్గా పట్టుకున్నానేటిరా?”

నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క చేప కోయలేదు.

“బాగా పట్టుకున్నావప్పా” అన్నాను.

అప్పటికీ తోయలేదు. వెనక ఇంకో ఇద్దరు సంచులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. అప్ప ఒకసారి తన చేతులు చూసుకుంది, మళ్ళీ నా మొహంలోకి చూసింది.

“నిజంగానేనా?” అంది.